కార్డు నుంచి కంప్యూటరు దాకా: మన ప్రాంతంలో ఉద్యోగాన్వేషణ చరిత్ర

ఉద్యోగ విరమణ చేసినవారి ప్రత్యేక సంచికలో, ఇంకా ఉద్యోగంలో చేరనివారి గురించి వ్యాసమేమిటని మిత్రులు కొందరు అనుకోవచ్చు. మన నెలవారీ సమావేశాలను ఒకసారి గుర్తు చేసుకోండి. డి.ఎ. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్ల ప్రస్తావన అయిపోయి టీ గ్లాసులు చేతికి వచ్చేసరికి ప్రతివారూ పక్కవారిని అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏమండీ, మీ మనవడికి ఎక్కడైనా వచ్చిందా?" ఆ తరువాత సలహాలు మొదలవుతాయి. "గ్రూపు టూకి కట్టమనండి", "బ్యాంకు పరీక్షలు రాయమనండి", "ఎంత చిన్నదైనా గవర్నమెంటుది అయితే చాలు". ఈ సలహాలన్నీ మంచి మనసుతో ఇచ్చేవే. కాని అవి మనకు ఉద్యోగాలు వచ్చిన కాలానికి సంబంధించినవి. ఆ కాలం ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నది మననం చేసుకుంటే మన పిల్లలకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తేటపడుతుందని నా నమ్మకం.

పేరు నమోదు చేసుకున్న తరం

ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి అనే మాట వినగానే మనలో చాలామందికి ఆ గుర్తింపు కార్డు, దానిమీద చేతితో వేసిన నంబరు గుర్తుకు వస్తాయి. నిజానికి ఈ కార్యాలయాలు నిరుద్యోగుల కోసం పుట్టినవి కావు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైన్యం నుంచి తిరిగివచ్చే సిపాయిలకు పని చూపడం కోసం 1945లో వీటిని ప్రారంభించారు. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. శివరావు కమిటీ సిఫార్సు మేరకు 1956 నవంబరు 1 నుంచి వీటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అవతరించినది కూడా ఆ రోజే. 1959లో ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలన్న చట్టం చేశారు. అది 1960 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ రంగ సంస్థలన్నీ, 25 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపాలి.

రావులపాలెం నుంచి మాకు ఎక్స్ఛేంజి అంటే జిల్లా కేంద్రమైన కాకినాడే. తెల్లవారుజామున బస్సు ఎక్కితే సర్టిఫికెట్లు చూపి, క్యూలో నిలబడి, కార్డు చేతపట్టుకుని తిరిగి వచ్చేసరికి పొద్దుగూకేది. యానాం-ఎదుర్లంక వారధి అప్పటికి లేదు. అందువల్ల అమలాపురం నుంచి రోడ్డు మార్గాన కాకినాడ, రాజమండ్రి వెళ్లే కుర్రవాళ్లంతా మన రావులపాలెం సెంటరు మీదుగానే పోవలసి వచ్చేది. కోనసీమకు ముఖద్వారం అని మన ఊరిని అంటారు. అరటి గెలల లారీలతో పాటు ఉద్యోగార్థులు కూడా ఈ ద్వారం గుండానే బయటి ప్రపంచానికి వెళ్లారని నేను అంటాను.

నేను డిగ్రీ పూర్తిచేసి 1970లో పేరు నమోదు చేసుకున్నాను. ఆనాటి పద్ధతిలో మనం చేయవలసినవి మూడే పనులు. మొదటిది పేరు నమోదు. రెండవది గడువు తప్పకుండా రెన్యూవల్. తప్పితే సీనియారిటీ పోయేది. మూడవది టైపు లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసవడం. ఆ పైన పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూడడం. ఖాళీ ఎక్కడ ఉందో మనం వెతకనక్కరలేదు. ఖాళీయే మన పేరును వెతుక్కుంటూ వస్తుందని నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు కూడా. నాకు 1974లో ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఒక పంచాయతీ సమితి కార్యాలయంలో గుమస్తాగా చేరాను.

అయితే ఆ నాలుగు సంవత్సరాలూ నేను ఊరకే కూర్చోలేదు. ఒక కొబ్బరికాయల వ్యాపారి దగ్గర జమాఖర్చులు రాశాను. జీతం స్వల్పం. చిట్టా, ఆవర్జా, సరుకు లెక్క, రైతుతో మాట్లాడే తీరు, బకాయిదారుకు మెత్తగా ఉత్తరం రాసే నేర్పు అక్కడే అబ్బాయి. ఇంటర్వ్యూలో అధికారి నన్ను బి.ఎ.లో చదివినదేదీ అడగలేదు. "ఇంతకాలం ఏం చేస్తున్నావోయ్?" అని అడిగారు. చెప్పడానికి నాకు జవాబు ఉంది. ఆ ప్రశ్న నేటికీ ప్రతి ఇంటర్వ్యూలోనూ అడుగుతున్నారు.

ఉద్యోగం కోసం ఉద్యమాలు

ఒక్క గుమస్తా ఉద్యోగం రాష్ట్ర రాజకీయాన్ని ఎలా కుదిపివేయగలదో మన తరం కళ్లారా చూసింది. 1969లో తెలంగాణ ఉద్యమానికీ, 1972లో జై ఆంధ్ర ఉద్యమానికీ మూలాలలో ఒకటి ఉద్యోగాల పంపకమే. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వడంతో కోస్తా జిల్లాల విద్యార్థులు, ఎన్.జి.ఓ.లు వీధుల్లోకి వచ్చారు. కాలేజీలు మూతపడ్డాయి. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, ఆ తరువాత రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వు వరుసగా వచ్చాయి.

మన ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలో పనిచేసినవారికి ఆ ఉత్తర్వు కంఠతా వచ్చు. జూనియర్ అసిస్టెంటు స్థాయి పోస్టు జిల్లా కేడరు. అందులో 80 శాతం స్థానికులకు. ఆ పైస్థాయి జోనల్ పోస్టుల్లో 70 శాతం. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలు రెండో జోను. దీనివల్ల ఉద్యోగార్థి దృష్టి కూడా ఒక పరిధిలోకి వచ్చింది. కొత్తపేట తాలూకా కుర్రవాడు తన ఉద్యోగాన్ని కాకినాడ కలెక్టరేటులోనో, జిల్లాలోని ఏదో ఒక బడిలోనో ఊహించుకునేవాడు. జిల్లాయే అతని మార్కెట్టు.

జిల్లా దాటినవారికి బ్యాంకులు దారి చూపాయి. 1969 జూలైలో 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1980లో మరో ఆరింటిని చేశారు. పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ రెండో జాబితాలోనిదే. ఊరూరా శాఖలు వచ్చాయి, గుమస్తాలు కావలసి వచ్చారు, బ్యాంకు సర్వీసు రిక్రూట్‌మెంట్ బోర్డులు పరీక్షలు పెట్టాయి. ఎంప్లాయిమెంట్ న్యూస్ వారపత్రిక 1976లో మొదలైంది. ఒక్క ప్రతిని పదిమంది చదివేవారు. ఎవరికి పనికివచ్చే ప్రకటన వారు కాపీ చేసుకుని ఇవతలివారికి అందించేవారు. మన రోజుల్లో ఉద్యోగాన్వేషణ ఒంటరి పని కాదని దీనివల్ల తెలుస్తుంది.

కుర్చీ ఖాళీ చేయించిన సంవత్సరం

1983 సంగతి మన సంఘ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. కొత్త ప్రభుత్వం వచ్చిన నెలలోనే విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గింది. ఫిబ్రవరి 28న 55 దాటినవారందరూ ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. వారిలో 18 వేలమందికి పైగా ప్రభుత్వోద్యోగులే. చదువుకున్న నిరుద్యోగులకు అవకాశం కల్పించడం దీని ఉద్దేశాలలో ఒకటని ప్రభుత్వం చెప్పింది. 1985 జనవరిలో కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ఆ తగ్గింపును సమర్థించింది. ఈలోగా 1984 ఆగస్టులోనే వయస్సు తిరిగి 58 అయింది. మధ్యలో నలిగిపోయినవారికి 1985 ఆగస్టులో బి. ప్రభాకరరావు కేసు తీర్పుతో ఊరట లభించింది.

అప్పుడు నాకు 34 ఏళ్లు. మా సెక్షనులో ఒకే సాయంత్రం ఇద్దరు పెద్దలకు దండలు వేసి పంపాము. ఒకరికి పెళ్లి కావలసిన కూతురు, ఉద్యోగం లేని కొడుకు. తండ్రి కుర్చీ ఖాళీ అయింది కాని అందులో కొడుకు కూర్చోలేదు. పై పోస్టు ఖాళీ అయితే కిందివారికి ప్రమోషన్ వస్తుంది, చివరి పోస్టు భర్తీ కావడానికి ఉత్తర్వులు కావాలి, ఆ ఉత్తర్వులకు ఎంతకాలం పడుతుందో మనకు తెలిసినదే.

ఆ తరువాతి చరిత్ర తలకిందులుగా నడిచింది. 2014లో మన రాష్ట్రంలో విరమణ వయస్సు 60 అయింది, 2022లో 62 అయింది. ఉద్యోగులుగా మనం దీనిని హర్షించాము. కాని వయస్సు రెండేళ్లు పెరిగిన ప్రతిసారీ రెండేళ్లపాటు విరమణ ఖాళీలు ఆగిపోతాయన్నది సాదా లెక్క. తగ్గించినప్పుడు పెద్దలు నష్టపోయారు. పెంచినప్పుడు పిన్నలు ఎదురుచూశారు. కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న తగవు వల్ల కుర్చీల సంఖ్య పెరగదు. ఈ నలభై ఏళ్ల అనుభవం నుంచి నేను గ్రహించిన ముఖ్యమైన సంగతి ఇదే.

కార్డు విలువ తగ్గిన వైనం

1980లు ముగిసేసరికి ఎక్స్ఛేంజిలో పేర్లు పెరిగాయి, ఖాళీలు తగ్గాయి. 1987లో ఎన్. హరగోపాల్ కేసులో సుప్రీంకోర్టు 1959 చట్టం సారాంశాన్ని విప్పిచెప్పింది. ఖాళీని తెలియజేయడం వరకే యజమాని బాధ్యత. ఎక్స్ఛేంజి పంపినవారినే తీసుకోవాలని చట్టం చెప్పలేదు. 1996 ఆగస్టులో వచ్చిన మరో తీర్పు మన పొరుగున ఉన్న కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాలకు సంబంధించినది. ఎక్స్ఛేంజి నుంచి పేర్లు తెప్పించుకోవడంతో పాటు పత్రికల్లో, రేడియో, టెలివిజన్లలో కూడా ప్రకటించి, అర్హులందరినీ పరిగణించాలని సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది. న్యాయమైన మాటే. అయితే దానితో పాత వరుస క్రమానికి కాలం చెల్లింది. కార్డు ఉన్నవాడు, లేనివాడు ఒకే ప్రకటన ముందు నిలబడ్డారు. చివరకు ఆ 1959 చట్టమే 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడులో కలిసిపోయింది.

ఇంకో దారి కూడా ఆ రోజుల్లోనే మూసుకుపోయింది. రోజుకూలీగానో, ఎన్.ఎం.ఆర్.గానో ఏదో విధంగా ఆఫీసులో కాలు పెడితే ఎప్పటికైనా పర్మనెంటు కాకపోతుందా అనే ఆశ ఉండేది. 1994లో వచ్చిన రెండో నంబరు చట్టం అటువంటి నియామకాలను 1993 నవంబరు 25 నుంచి నిషేధించింది. ఆ తేదీ నాటికి అయిదేళ్లు నిండినవారిని క్రమబద్ధీకరించడానికి 212వ జి.ఓ. వచ్చింది. ఆ జి.ఓ. కింద ఫైళ్లు నడిపినవారు మనలో ఎందరో ఉన్నారు. ఒక్కరోజు తక్కువైనవారి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

ఇదే కాలంలో ఒక మంచి మార్పు కూడా జరిగింది. నియామకాల్లో స్త్రీలకు 30 శాతం కల్పించిన మన రాష్ట్ర నిబంధనను 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. మన మండలంలో ఏ బడిలో చూసినా, ఏ ఆఫీసులో చూసినా దాని ఫలితం కనబడుతుంది. "ఉద్యోగం పురుష లక్షణం" అన్న సామెతను మన కోడళ్లు, కూతుళ్లు తిరగరాశారు.

హైదరాబాదు బస్సు

1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పిల్లల బస్సు కాకినాడ వైపు నుంచి హైదరాబాదు వైపు తిరిగింది. ఇంజనీరింగు చదివి, అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు నేర్చి, నలుగురు కలిసి ఒక గదిలో ఉంటూ ఉద్యోగం వెతకడం కొత్త పద్ధతి అయింది. దానికి రెన్యూవల్ లేదు, సీనియారిటీ లేదు. 1997లో మొదలైన నౌక్రీ వంటి వెబ్‌సైట్లలో కుర్రవాడే తన వివరాలు పెట్టుకుని, తానే కంపెనీలకు పంపుకోవలసి వచ్చింది.

ఇటు ప్రభుత్వోద్యోగ స్వరూపమూ మారింది. 2001లో బ్యాంకు రిక్రూట్‌మెంట్ బోర్డులు రద్దయ్యాయి. ఆ సమయంలోనే లక్షమందికి పైగా బ్యాంకు ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. 2004 సెప్టెంబరు 1 తరువాత రాష్ట్ర సర్వీసులో చేరినవారికి మన పెన్షన్ లేదు, కాంట్రిబ్యూటరీ పెన్షనే. "గవర్నమెంటు ఉద్యోగం అంటే పెన్షన్ ఉంటుంది" అని మనవడికి చెప్పేముందు ఈ ఒక్క తేదీని గుర్తుంచుకోవాలి.

ప్రైవేటులో స్థిరత్వం లేదన్న భయమూ మనదే. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలగనంత పని అయింది. యాభై వేలమందికి పైగా పనిచేసే కంపెనీ అది. కేంద్ర ప్రభుత్వం కొత్త డైరెక్టర్ల బోర్డును వేసింది, కొద్ది నెలల్లోనే టెక్ మహీంద్రా దానిని తీసుకుంది. పనితనం చేతిలో ఉన్నవారు అక్కడో మరోచోటో నిలదొక్కుకున్నారు. యజమాని పేరు మారినా చేతిలోని విద్య పోదు.

నిరీక్షణ ఖరీదు

ప్రభుత్వ నియామకాలు ఆగిపోలేదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షా ఇరవై ఆరు వేలకు పైగా పోస్టులకు ప్రకటన ఇచ్చారు. 2025లో మెగా డి.ఎస్.సి. ద్వారా 16,347 టీచరు పోస్టులకు ప్రకటన వచ్చింది. ఇవి చిన్న సంఖ్యలు కావు. కాని సచివాలయ పరీక్షలకు వచ్చిన దరఖాస్తులు ఇరవై లక్షలు దాటాయి. అంటే ఒక్క పోస్టుకు సుమారు పదహారు దరఖాస్తులు. పైగా ఒక పెద్ద ప్రకటనకూ మరో దానికీ మధ్య ఎన్నేళ్లు గడుస్తాయో ఎవరూ చెప్పలేరు.

మన కాలంలో నిరీక్షణకు విలువ ఉండేది. ఎదురుచూసిన ప్రతి ఏడూ సీనియారిటీలో చేరేది. ఇప్పుడు ఎదురుచూసిన ఏడాది బయోడేటాలో ఖాళీగా కనబడుతుంది. మన తరానికీ, మన మనవల తరానికీ గల అసలు భేదం ఇదే. "నిదానంగా చదువుకోరా, ఇల్లు ఉంది, పెన్షను ఉంది, తొందరేముంది" అని మనం ప్రేమతో అనే మాట అతనికి తెలియకుండానే భారమవుతున్నది. ఇరవై మూడేళ్లకు మొదలుపెట్టి ముప్ఫై దాకా కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగినవారు మన వీధుల్లోనే ఉన్నారు. వారు తెలివితక్కువవారు కారు. వారి దారికి ఒక మైలురాయి నాటి, "ఇక్కడిదాకా చూద్దాం" అని చెప్పినవారు లేకపోయారు.

మనం చెప్పదగినవి

నా అనుభవం, పైన చెప్పిన చరిత్ర కలిపి కొన్ని సూచనలు పెద్దల ముందు ఉంచుతున్నాను.

మొదటిది: పరీక్షలు రాయనివ్వండి, కాని ఇన్నేళ్లు అని హద్దు పెట్టుకోమనండి. ఆ కాలంలోనూ ఏదో ఒక పని చేయాలి. మన అరటి మార్కెట్టులో లెక్కలు, ఆడిటరు దగ్గర పద్దులు, ఆక్వా కంపెనీలో స్టోర్సు, ఏదైనా సరే. "ఇంతకాలం ఏం చేశావు?" అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి.

రెండవది: మన నాటి టైపు హయ్యరుకు నేటి సమానం ఏమిటో గుర్తించాలి. కంప్యూటరులో లెక్కల పట్టిక వేయడం, టాలీ, తప్పు లేని ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయడం. ఏ ఆఫీసులోనైనా తొలి ఆరు నెలలు నిలబెట్టేవి ఇవే.

మూడవది: ఒకే బయోడేటాను వందచోట్లకు పంపడం కంటె, ఆ ఉద్యోగానికి తగినట్లు దిద్ది పదిచోట్లకు పంపడం మేలు. నేడు చాలా కంపెనీల్లో మొదటి వడపోత కంప్యూటరే చేస్తున్నది. ప్రకటనలో అడిగిన పని మనవాడు నిజంగా చేసి ఉంటే, ఆ పని పేరు ఆ కాగితంలో కనబడాలి. అంతేకాని చేయని పని రాయకూడదు.

నాలుగవది: అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. డిప్లొమా, డిగ్రీవారికి కూడా స్టయిపెండుతో పని నేర్చుకునే వీలుంది. ఐ.టి.ఐ. పిల్లలకే అని మనలో చాలామంది అనుకుంటారు. 2015లో కేంద్రం ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీసు పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం. మన పాత కార్డుకు అది వారసురాలు. కాకపోతే అది ఇంటికి ఉత్తరం పంపదు, రోజూ మనమే వెళ్లి చూడాలి.

అయిదవది: సిఫార్సు వేరు, సమాచారం వేరు. "మావాడిని తీసుకోండి" అనడం సిఫార్సు. "మీ ఆఫీసులో ఖాళీ ఉందా, ఏ విద్య కావాలి, ఎవరికి రాయాలి" అని అడగడం సమాచారం. మొదటిది అడగడానికి అభిమానం అడ్డువస్తుంది, రావాలి కూడా. రెండవదానికి సిగ్గుపడనక్కరలేదు. ఎంప్లాయిమెంట్ న్యూస్ ఒక్క ప్రతిని పదిమంది చదువుకున్ననాడు మనం చేసింది అదే.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగినవాడిని గుమ్మం ఎక్కనివ్వవద్దు. గల్ఫ్ ప్రయాణాలతో మన కోనసీమ ఆడపడుచులు పడిన కష్టాలు మనకు తెలుసు. విదేశీ పని అయితే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడాలి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లిన తెలుగు యువకులను అక్కడ సైబరు మోసాలు చేయించే ముఠాలకు అప్పగించిన ఉదంతాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. వారిలో చదువుకున్నవారూ ఉన్నారు.

సంఘానికి నా విన్నపం ఒకటి. మనలో ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నవారు, డ్రాఫ్టులు దిద్దినవారు, బ్యాంకులు నడిపినవారు, ఇంగ్లీషు బోధించినవారు ఉన్నారు. నెలకు ఒక ఆదివారం ఉదయం మన కార్యాలయంలో రెండు కుర్చీలు వేసి కూర్చుందాం. ఊళ్లో పిల్లలెవరైనా బయోడేటా తెస్తే చదివి దిద్దుదాం, ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగి భయం పోగొడదాం. కంప్యూటరు సంగతులు వారు మనకు నేర్పుతారు. దీనికి నిధులు అక్కరలేదు, తీర్మానం చాలు. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ అంశాన్ని చేర్చవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. మొదటి ఆదివారం వచ్చి కూర్చునేవారిలో నా పేరు రాసుకోగలరు.